దుంప కన్ను మూయలేదు

(కొత్తగా చదువు నేర్చిన మహిళల కోసం చేసిన ప్రసంగ పాఠం)



మన పల్నాడులో ఇంటి వెనక జానెడు చోటు ఉంటే చాలు. ఆడవాళ్లు అక్కడ ఏదో ఒకటి పెడతారు. అంట్లు కడిగిన నీళ్లు పారేచోట నాలుగు చామ దుంపలు. గోడవార పసుపు, అల్లం. మూలన ఒక కంద. తల్లో పెట్టుకోవడానికి లిల్లీ పూలు. లిల్లీనే కొందరు నేలసంపెంగ అంటారు. ఎండాకాలం చివర ఎర్రగా బంతిలాగా పూసే మే పువ్వు కూడా కొన్ని ఇళ్లల్లో ఉంటుంది.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఏమిటది? పైన కనిపించేది ఆకు, పువ్వు. అసలు సరుకు మాత్రం భూమిలో దాక్కొని ఉంటుంది. అదే దుంప.

ఆ దుంప కోసం మనమే కాదు, ఇంకా చాలా జీవాలు కాచుకొని ఉంటాయి. మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు ఊళ్లకు నల్లమల అడవి దగ్గర. నాగార్జునసాగర్, శ్రీశైలం నడుమ ఉన్న ఆ అడవిని 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అడవిలో పులి ఒక్కటే ఉండదు కదా! పందులుంటాయి. ఏదుపందులుంటాయి. నెమళ్లుంటాయి. ఎండలు ముదిరితే అడవిలో నీళ్లు తగ్గుతాయి. మేత తగ్గుతుంది. ఊళ్లో నీళ్లుంటాయి, పైరుంటుంది. అందుకని అవి ఊరి దారి పడతాయి. నరసరావుపేట, గురజాల వంటి పట్నాల్లో అడవిపందుల బెడద లేకపోయినా కోతులు, పందికొక్కులు ఉండనే ఉన్నాయి.

ఒక ఉదాహరణ చెప్పుకొందాం. ఇది ఫలానా ఊరి కథ కాదు. అడవి అంచున ఏ ఊళ్లోనైనా జరగగల కథ.

ఊరి చివర ఒక ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు ఏరువాక వెళ్లగానే పెరట్లో నలభై చామ దుంపలు నాటింది. పక్కనే ఒక మడి పసుపు పెట్టింది. గోడవార పది లిల్లీ దుంపలు పెట్టింది. వినాయక చవితి నాటికి చామ ఆకులు చేటలంత అయ్యాయి. సంక్రాంతికి కూర, మళ్లీ ఏటికి విత్తనం తన పెరట్లోనే ఉన్నాయని ఆమె ధీమాగా ఉంది.

ఒకరోజు తెల్లవారి చూస్తే పెరడు పెరడులాగా లేదు. నాగలి పెట్టి దున్నినట్టుంది. ఆకులు నలిగి మట్టిలో కలిసిపోయాయి. దుంపలు కొన్ని పైకి తేలి ఉన్నాయి. కొన్ని సగం కొరికి ఉన్నాయి. రాత్రి అడవిపందులు వచ్చిపోయాయి.

ఆమె గుండె చెరువైంది. భర్త చూసి, "ఇంకేముంది, అంతా పోయింది. ఏరి పారబొయ్యి" అన్నాడు. మరిదికి కోపం వచ్చింది. "ఈ రాత్రికి చుట్టూతా కరెంటు తీగ కడతా. మళ్లీ ఎట్టా వస్తాయో చూస్తా" అన్నాడు.

అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. మడిలో గొంతుక్కూర్చుని ఒక దుంపను చేతిలోకి తీసుకొంది. మట్టి తుడిచింది. బొటనవేలితో నొక్కి చూసింది.

"తొందరపడమాకండిరా. దీని కన్ను చూడండి. ఇది ఇంకా కన్ను మూయలేదు" అంది.

తర్వాత చిన్న కొడుకు వైపు తిరిగి, "తీగ కడతానంటివే! చీకటితో లేచి పెరట్లోకి పోయేది పంది కాదురా, నేను. నన్ను చంపుకుంటావా?" అని అడిగింది. అతను మాట్లాడలేదు.

ఆ పెద్దామె రెండు మాటలు చెప్పింది. ఒకటి దుంప గురించి. రెండోది మనిషి ప్రాణం గురించి. ఆ రెండింటినీ వివరంగా తెలుసుకొందాం.

ముందు దుంప సంగతి. మొక్కకు ఆకు వంటిల్లు లాంటిది. ఎండ, గాలి, నీళ్లు కలిపి ఆకు తిండి తయారు చేస్తుంది. ఆ రోజుకు కావలసింది వాడుకొని, మిగిలింది కిందికి పంపుతుంది. కింద దుంప గాదె లాంటిది. కరువొచ్చినా, ఎండలు మండినా, పై ఆకు పోయినా గాదెలో గింజ ఉంటుంది. ఆ గింజతో మొక్క మళ్లీ లేస్తుంది. పంది వచ్చి వంటింటి కప్పు పీకిపోయింది. గాదె మిగిలిందా లేదా అన్నది చూసుకోవాలి.

గాదె ఉంటే చాలదు. తలుపు కూడా ఉండాలి. ఆ తలుపే కన్ను. అంటే మొలక వచ్చే మొగ్గ. ఇది ఒక్కో దుంపకు ఒక్కో చోట ఉంటుంది.

ఉల్లిపాయను నిలువునా కోసి చూడండి. పొరలు పొరలుగా ఉన్నవి నిజానికి ఆకుల మొదళ్లే. అడుగున వేర్లు పుట్టే బిళ్లలాంటి భాగం ఉంటుంది. అదే ఉల్లి కాండం. నడుమ మొలక ఉంటుంది. లిల్లీ, మే పువ్వు దుంపలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. పైభాగం కొరికినా అడుగు బిళ్ల, నడిమి మొలక బాగుంటే అవి మళ్లీ లేస్తాయి.

చామకు నడుమ తల్లి దుంప ఉంటుంది. చుట్టూ పిల్ల దుంపలు ఉంటాయి. తల్లి పోయినా పిల్లలకు వేరే కళ్లు ఉంటాయి.

పసుపు కొమ్ముకు, అల్లానికి కణుపు కణుపునా కన్ను ఉంటుంది. ముక్కలైనా భయం లేదు. ముక్కకు ఒక మంచి కన్ను ఉంటే మొలుస్తుంది.

కందకు పైన నడుమ గుంటలో పెద్ద కన్ను ఉంటుంది. రైతులు కందను కోసి నాటేటప్పుడు ప్రతి ముక్కకూ ఆ నడిమి కన్ను భాగం కొంత వచ్చేటట్టు కోస్తారు. మరో సంగతి. కంద మొక్కకు గొడుగులాగా విప్పుకొనేదంతా ఒకే ఆకు. అది విరిగితే మొక్క చచ్చిందని అనుకొంటారు. దుంప గట్టిగా ఉంటే కొన్నాళ్లకు ఇంకో ఆకు లేవవచ్చు. అందుకే తొందరపడి తవ్వొద్దు.

దుంపలో తిండి ఎంత ఉంటుందో తెలియాలంటే దూరదేశం సంగతి ఒకటి వినండి. హాలండు దేశం తులిప్ పూలకు పేరు పొందింది. అవీ దుంప నుంచి పూసే పూలే. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరువు వచ్చింది. తినడానికి ఏమీ దొరక్క జనం తులిప్ దుంపలు వండుకొని తిన్నారు. పూల దుంపే ఆకలి తీర్చాల్సి వచ్చింది. మరి ఆకలిగొన్న పంది దుంపను వదులుతుందా?

జంతువుల బాధ మనకొక్కరికే లేదు. కాశ్మీరులో పాంపోరు అనే చోట కుంకుమపువ్వు పండిస్తారు. అదీ చిన్న దుంప నుంచే పూస్తుంది. అక్కడి రైతుల పొలాల్లో ఏదుపందులు రాత్రిపూట దూరి ఆ దుంపల్ని తవ్వి తింటాయి. చలిదేశాల్లో ఇళ్ల తోటల్లో ఉడతలు, జింకలు పూల దుంపల్ని పాడు చేస్తాయి. అక్కడివాళ్లు కూడా పొద్దున్నే లేచి మట్టి తడిమి చూసుకొంటారు.

ఇప్పుడు పెరడు పాడైన రోజున ఏం చెయ్యాలో చూద్దాం. ఆ ఇంటి అత్తాకోడళ్లు చేసిన పని ఇదే.

మొదటి పని: బాగా వెలుగు వచ్చాకే మడిలోకి దిగాలి. మట్టి చూస్తే ఏ జంతువు వచ్చిందో తెలుస్తుంది. నేలంతా దున్నినట్టు ఉండి గిట్టల జాడలు ఉంటే అది పంది. అక్కడక్కడ గుంటలు తీసి ఉండి, పొడుగాటి ముళ్లు రాలి ఉంటే ఏదుపంది. బొరియ, దాని మూతి దగ్గర మట్టి కుప్ప ఉంటే పందికొక్కు. మొక్కలు పీకి, ఒక్క కొరుకు కొరికి, విసిరేసి ఉంటే కోతులు.

రెండో పని: బయటపడిన దుంపలన్నీ ఎండ ముదరక ముందే ఏరాలి. ఎండలో పడి ఉంటే వడిలిపోతాయి. ఏరినవాటిని నీడలో మూడు కుప్పలు పెట్టాలి.

ఒక కుప్ప, దెబ్బ తగలనివి. వీటిని ఆ రోజే మళ్లీ నాటాలి. పసుపు, చామ ముందు ఎంత లోతులో ఉన్నాయో అంతే లోతులో పెట్టాలి. లిల్లీ వంటి చిన్న దుంపలైతే దుంప ఎత్తుకు రెండింతల లోతు సరిపోతుంది. కన్ను పైకి ఉండాలి. నీళ్లు కొద్దిగానే పోయాలి. బురద చేస్తే కుళ్లిపోతాయి.

రెండో కుప్ప, దెబ్బ తగిలి, కన్ను మిగిలినవి. కొరికిన భాగాన్ని శుభ్రమైన కత్తితో నున్నగా కోసెయ్యాలి. కోసిన చోట పొయ్యి బూడిద అద్దాలి. కంద ముక్కలైతే పేడనీళ్లలో ముంచి తీస్తారు. నీడలో ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి తర్వాత నాటాలి. పచ్చి గాయంతో నాటితే మట్టిలో కుళ్లు పడుతుంది.

మూడో కుప్ప, మెత్తబడినవి, వాసన వచ్చేవి, కన్ను లేనివి. వీటిని మడిలో ఉంచొద్దు. దూరంగా గుంట తీసి పూడ్చెయ్యాలి.

మూడో పని: మిగిలిన పచ్చి ఆకును కొయ్యొద్దు. చిరిగి ఉన్నా సరే ఉంచండి. సగం ఆకైనా సగం వంట చేస్తుంది. దుంపకు బలం అక్కడి నుంచే రావాలి.

ఒక జాగ్రత్త. జంతువులు కొరికిన దుంపల్ని కూర వండొద్దు. ఎలుకలు, పందికొక్కులు తిరిగిన మట్టిలో వాటి మూత్రం ఉంటుంది. దాని వల్ల ఎలుక జ్వరం రావచ్చు. చేతికి, కాలికి పుండు ఉంటే గుడ్డ కట్టుకొని దిగండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. కోతి కరిచినా, రక్కినా ఆ చోటును సబ్బు పెట్టి, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి సూది మందు సంగతి అడగాలి. పసుపు అద్ది ఊరుకోవద్దు.

ఆ ఇంటి కోడలికి చదువు కొత్తగా వచ్చింది. ఆమె తన నోటు పుస్తకంలో ఇలా రాసుకొంది.

"నాటిన చామ దుంపలు 40. పందులు తినేసినవి 8. కుళ్లినవి 5. మళ్లీ లేచినవి 27. లిల్లీలు 10 నాటాను. 10 లేచాయి."

పందులు వచ్చిన నాడు 'అంతా పోయింది' అన్న ఇంట్లోనే, నెల తిరిగేసరికి ఈ లెక్క తేలింది. నలభైలో ఇరవై ఏడు బతికాయి. సంక్రాంతికి దుంపలు ఎప్పటికన్నా చిన్నవిగానే ఊరాయి. ఆ మాట దాచక్కరలేదు. అయినా కూరకు వచ్చాయి. విత్తనానికి వచ్చాయి. ఆ రోజు ఏరి పారబోసి ఉంటే ఆ ఇరవై ఏడూ కూడా పోయేవి.

ఇక ముందుజాగ్రత్తలు. చాలావాటికి ఖర్చు తక్కువే.

విత్తనం మొత్తం ఒకే చోట పెట్టొద్దు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మూడు వంతులు చేసి రెండు వంతులు నాటండి. ఒక వంతు ఇంట్లో ఉట్టి మీద, గాలి ఆడే బుట్టలో దాచండి. మడి పాడైనా ఉట్టి మీద విత్తనం ఉంటుంది.

మన మాచర్ల వైపు నాపరాయికి కరువు లేదు. గనుల దగ్గర, ఇళ్లు కట్టిన చోట విరిగిన బండలు పడి ఉంటాయి. అడిగి తెచ్చుకోండి. మడి చుట్టూ మూరెడు లోతు కాలువ తీసి, ఆ బండల్ని ఒకదానికొకటి ఆనించి నిలువుగా పాతండి. మూరెడు పైకి కూడా ఉండాలి. పందికొక్కు సొరంగం తవ్వుకొని రావడం కష్టమవుతుంది. పంది ముట్టె పెట్టి లేపడమూ కష్టమవుతుంది.

దాని చుట్టూ రేగు కంప గానీ, సర్కారు తుమ్మ కంప గానీ దట్టంగా వెయ్యండి. పాత చీరలు చుట్టూ కట్టే అలవాటు మన రైతులకు ఉంది. కొన్నాళ్లు అది పనిచేస్తుంది. తర్వాత జంతువులు అలవాటు పడతాయి. అందుకని చీరల చోటు మారుస్తూ ఉండాలి.

నాలుగు లిల్లీ దుంపలే ఉంటే మడి ఎందుకు? పాత బకెట్టుకు అడుగున చిల్లులు పెట్టి, మట్టి పోసి నాటండి. పైన ఇనప వల కప్పండి. మొలక వల సందుల్లోంచి వస్తుంది. పందికొక్కు మూతి లోపలికి పోదు.

కుళ్లిన కూరగాయలు, మిగిలిన అన్నం పెరట్లో పారబొయ్యొద్దు. ఆ వాసనే జంతువుల్ని పిలుస్తుంది. ముందు అన్నం కోసం వస్తాయి, తర్వాత దుంపలు చూస్తాయి.

కొన్ని దుంపలు తమను తామే కాపాడుకొంటాయి. కందలో, చామలో కంటికి కనిపించని సూదుల్లాంటి పలుకులు ఉంటాయి. నోరు దురద పెట్టేది వాటి వల్లనే. అందుకే మనం చింతపండు వేసి బాగా ఉడికిస్తాం. కొవ్వూరు ప్రాంతం నుంచి వచ్చిన గజేంద్ర రకం కందకు దురద తక్కువ. తినేవాళ్లకు అది సుఖమే. కాని దురద తక్కువైన దుంపకు కాపలా ఎక్కువ కావాలి.

విషం ఉన్న దుంపలు కూడా ఉన్నాయి. రాతి గుట్టల మీద నక్క ఉల్లి మొలుస్తుంది. అచ్చం ఉల్లిపాయలాగే ఉంటుంది. ఎండాకాలంలో ఆకు లేకుండానే పూల కాడ లేస్తుంది. జంతువులు దాని జోలికి పెద్దగా పోవు. అది గుండె మీద పనిచేసే విషం. పొదల్లో అడవినాభి అల్లుకొంటుంది. పువ్వు మంటలాగా అందంగా ఉంటుంది. దాని దుంప తింటే మనిషి ప్రాణం పోతుంది. ఈ రెండింటినీ పిల్లలకు చూపించి, ముట్టుకోవద్దని చెప్పండి. పంది తినని దుంప మంచిదేమోనని ఎవరూ వండొద్దు.

ఇక పెద్దామె చెప్పిన రెండో మాట. కరెంటు తీగ.

అడవి అంచు ఊళ్లలో ఈ పాడు అలవాటు ఉంది. ఇంటి కరెంటును తీగకు తగిలించి పొలం చుట్టూ కడతారు. ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. బహిర్దశకు వెళ్లినవాళ్లు, నీళ్లు కట్టడానికి వెళ్లినవాళ్లు, మేకలు తోలుకెళ్లే పిల్లలు ఇలాంటి తీగలు తగిలి చచ్చిపోయారు. తీగ కట్టినవాళ్లే మరిచిపోయి తగిలి చచ్చిపోయిన సంగతులూ ఉన్నాయి. బతికినవాళ్లు జైలుకు పోయారు. నాటు బాంబులు, విషం పెట్టడం కూడా ఇలాంటివే. కుక్కలు, గొడ్లు, నెమళ్లు చస్తాయి. నెమలి మన జాతీయ పక్షి.

ఇంటి కరెంటును కంచెకు కలపడం నేరం. 1972లో వచ్చిన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపడం కూడా నేరం. సోలారు కంచె వేరు. దానికి ప్రత్యేకమైన యంత్రం ఉంటుంది. అది ఆగి ఆగి, రెప్పపాటు సేపు మాత్రమే షాకు ఇస్తుంది. జంతువు బెదిరి పోతుంది, చావదు. అలాంటిది కావాలంటే తెలిసినవాళ్ల చేత మంచి యంత్రంతోనే పెట్టించుకోవాలి. సొంతంగా తీగ తగిలించే పని వద్దు.

పొలంలో పైరు పోతే అటవీ శాఖవారికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ అర్జీలో ఏం ఉండాలి? పేరు, ఊరు, ఏ తేదీన జరిగింది, ఏ పైరు, ఎంత నేల, ఏ జంతువు. ఇవన్నీ నోటు పుస్తకంలో ముందే రాసి ఉంటే అర్జీ రాయడం సులువు. ఎవరి చేతో రాయించుకొని, వాళ్లు ఏం రాశారో తెలియక వేలిముద్ర వెయ్యాల్సిన పని లేదు. మీ సంగతి మీరే రాయండి. చివర మీ సంతకం మీరే పెట్టండి.

ఇంట్లో మగవాళ్లు తీగ మాట ఎత్తితే ఊరుకోవద్దు. భర్త అయినా, కొడుకు అయినా, మరిది అయినా అడ్డం పడండి. నలుగురు ఆడవాళ్లు కలిసి చెబితే ఊళ్లో ఎవరూ తీగ కట్టరు. దుంప పోతే మళ్లీ మొలుస్తుంది. ఉట్టి మీద విత్తనం ఉంటే మళ్లీ నాటుకొంటాం. మనిషి పోతే మళ్లీ మొలవడు.

ఈ వారం ఒక పని చెయ్యండి. పెరట్లో ఏ దుంపలు ఎన్ని ఉన్నాయో లెక్క పెట్టండి. తేదీ వేసి పుస్తకంలో రాయండి. విత్తనంలో మూడో వంతు ఎక్కడ దాచారో రాయండి. వచ్చే వారం ఆ పుస్తకాలు తెచ్చి ఒకరిది ఒకరు చదవండి.